నూటికి నూరు

జయరావు నన్ను బెంచీ ఎక్కించి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో మా అమ్మ పోయింది, నాకు షుగర్ వచ్చింది, తిరుపతిలో సగం రోడ్లు గుర్తుపట్టలేనట్టు మారిపోయాయి. ఆయన మీద కోపం మాత్రం మారలేదు. పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ కూడా ఆయన్ని తిట్టుకున్న రోజులున్నాయి.

అప్పుడు నేను తిరుపతిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. జయరావు డీన్. ప్రతి ఆదివారం పరీక్ష పెట్టి, సోమవారం సెక్షన్లవారీగా సగటు తీసేవాళ్ళు. ఆ వారం నా సెక్షన్ చిట్టచివరన వచ్చింది. జయరావు క్లాసులోకి వచ్చి, "ఆఖరున వచ్చిన పిల్లల్ని ఏం చేస్తారు మేడమ్?" అని అడిగాడు. "బెంచీ ఎక్కిస్తాం సార్" అన్నాను. "మరి ఎక్కండి" అన్నాడు. తమాషాకి అంటున్నాడేమో అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నలభై ఏళ్ళ మనిషిని, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని మొదటి బెంచీ ఎక్కి నిలబడ్డాను. ఎందుకు ఎక్కానని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను. పిల్లలందరూ తలలు దించేసుకున్నారు. గంట కొట్టేదాకా నన్ను దిగనివ్వలేదు. మర్నాడే ఉద్యోగం మానేశాను. ఇప్పుడొక నర్సింగ్ స్కూల్లో అనాటమీ చెప్పుకుంటున్నాను.

ఇంత జరిగాక మా తమ్ముడి కూతుర్ని అదే కాలేజీలో ఎందుకు చేర్పించావని ఎవరైనా అడగొచ్చు. చేర్పించింది నేనే. మా ఏబెల్ సూళ్లూరుపేటలో ఉంటాడు, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి పనికి పోతాడు. వాడి కూతురు జెస్సీకి పదో తరగతిలో ఆరొందలకి ఐదొందల ఎనభై తొమ్మిది వచ్చాయి. ఆ కాగితం చూడగానే నాకు కనిపించింది జెస్సీ డాక్టరు కోటు కాదు, జయరావు మొహం. ఈ పిల్లకి మెడిసిన్‌లో పెద్ద ర్యాంకు వస్తుంది, కాలేజీవాళ్ళు సన్మానం పెడతారు, ఇంట్లోవాళ్ళని వేదిక మీదికి పిలుస్తారు. ఏబెల్‌కి నలుగురిలో నోరు పెగలదు. వాడి బదులు మైకు నేను పట్టుకుంటాను. ఏం మాట్లాడాలో ఒక నోట్‌బుక్కులో రాసి కూడా పెట్టుకున్నాను.

మొదటి ఏడాది అంతా నేను అనుకున్నట్టే నడిచింది. జెస్సీని స్టార్ సెక్షన్‌లో వేశారు. నలభై మంది ఉంటారు అందులో. కాలేజీ బ్రోచరులో ఆ నలభై మంది ఫొటోలు పేర్లతో సహా వేశారు. ఏబెల్ ఆ పేజీని చర్చిలో అందరికీ చూపించాడు. రెండో ఏడాది దసరా దాటాక మార్కులు జారడం మొదలైంది. ఏడొందల ఇరవైకి ఆరొందలు తెచ్చే పిల్ల ఐదొందలకి వచ్చింది, సంక్రాంతి నాటికి నాలుగొందలు, మార్చిలో రెండొందల పది. ఫోన్ చేస్తే "బాగుండాను అత్తా" అని తప్ప ఇంకో మాట లేదు.

ఏప్రిల్‌లో కాలేజీ నుంచి ఏబెల్‌కి కబురొచ్చింది, తల్లిదండ్రులు వచ్చి డీన్ గారిని కలవాలని. వాడు ఒంటరిగా పోవడానికి భయపడి నన్ను తోడు రమ్మన్నాడు. పిలవకపోయినా పోయేదాన్నే.

జయరావు నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. "ఓ, మీ మేనకోడలా మేడమ్" అన్నాడు, అప్పుడే తెలిసినట్టు. తర్వాత నా వైపు చూడకుండా ఏబెల్‌తోనే మాట్లాడాడు.

"చూడండి ఏబెల్ గారూ, మీ అమ్మాయి తెలివైందే, కాదనను. కానీ ఇప్పుడున్న పరిస్థితిలో నీట్ రాయించడం మంచిది కాదు. ఈ ఏడాదికి ఆపేద్దాం. లాంగ్‌టర్మ్‌లో మేమే ఫీజు లేకుండా చేర్చుకుంటాం. వచ్చే ఏడాది ధైర్యంగా రాస్తుంది."

"అప్లికేషన్ పెట్టేసినాం గదా సార్" అన్నాడు ఏబెల్.

"పెడితే ఏమైంది? ఆ రోజు వెళ్ళకపోతే ఆబ్సెంట్ పడుతుంది, అంతే. ఆబ్సెంట్ వాళ్ళు లెక్కలోకి రారు."

లెక్క అనే మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆయన వెనక గోడ మీద ఫ్లెక్సీ ఉంది. 'స్టార్ సెక్షన్, వరుసగా నాలుగో ఏడాది, నూటికి నూరు శాతం క్వాలిఫై' అని మనిషంత అక్షరాలు. అది ఐదో ఏడాదికి కూడా నిలవాలంటే పరీక్ష రాసినవాళ్ళందరూ గట్టెక్కాలి. గట్టెక్కదనుకున్న పిల్లని హాలు దాకా రానివ్వకూడదు. ఈయన దయ అంతా ఆ ఫ్లెక్సీ కోసమేనన్నమాట.

"హాల్ టికెట్ ఎప్పుడిస్తారు సార్?" అని అడిగాను.

"రాయనప్పుడు హాల్ టికెట్‌తో పనేముంది మేడమ్" అన్నాడు.

ఆ సాయంత్రం జెస్సీని హాస్టల్ నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాం. జెస్సీ తల్లి కోమలి కూడా సూళ్లూరుపేట నుంచి వచ్చింది. పిల్ల జుట్టు సగం ఊడిపోయింది. అన్నం కలుపుకుంటుంటే వేళ్ళు కుదురుగా లేవు.

"అత్తా, ఇంటికాడ రాస్తే నాకు ఆరు నూర్లు వస్తాయి. సెలవుల్లో నువ్వే దిద్దినావు గదా" అంది జెస్సీ. "హాల్లో కూర్చుంటే చెయ్యి వణుకుతాది. జవాబు గుండ్రం లోపల దిద్దలేను. పెన్ను పక్క గుండ్రంలోకి పోతాది. ఒక్క ఏడు ఆగుతానత్తా. ఆ కాలేజీకి కూడా పోను. ఇంటికాడే సదువుకోని రాస్తా."

"ఎప్పటినించి వణుకుతా ఉండాది?"

జెస్సీ వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత తల వంచుకుని చెప్పింది.

"దసరా అయినాక ఒక తూరి నాకు ముప్పై ఒకటో ర్యాంకు వచ్చినాది. డీన్ సార్ నా బెంచీ కాడికి వచ్చి, మీ అత్త ఈ కాలేజీలోనే బెంచీ ఎక్కింది తెలుసా, నీకూ ఎక్కాలని ఉందా అన్నాడు. అందురూ నవ్వినారు. ఆ దినం నించి ఆయప్ప బూట్ల సప్పుడు ఇనిపిస్తే చాలు, చెయ్యి నిలవదు."

బుద్ధి ఉన్న మనిషి ఎవరైనా ఆ పిల్లని దగ్గరికి తీసుకుని, సరేనమ్మా, ఈ ఏడు వద్దులే అనేది. జెస్సీ తన చేతి గురించి చెప్తోంది. నాకు వినపడింది బెంచీ గురించి. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా పేరు చెప్పి ఆ క్లాసుని నవ్విస్తున్నాడు.

పైగా ఒక విషయం నాకు ఎంతకీ మింగుడు పడలేదు. పిల్లకి మంచిదీ, జయరావుకి కావలసిందీ ఒకటే అయి కూర్చున్నాయి. జెస్సీ ఆగిపోతే ఆయన ఫ్లెక్సీకి ఏ ఢోకా ఉండదు. ఐదో ఏడాది కూడా నూటికి నూరు. నేను నా చేతులతో ఆయనకి ఆ నూరు అప్పజెప్పాలి.

"అక్కా, సదువు సంగతులు నాకేం తెలుసు. నువ్వెట్ట సెప్తే అట్ట" అన్నాడు ఏబెల్.

"బిడ్డ వొద్దంటా ఉండాది గదా వదినా" అంది కోమలి.

"రాయాల" అన్నాను. "ఈ పరీక్ష ఎన్ని తూర్లయినా రాయొచ్చు. పోయేదేముండాది? ప్రాక్టీసు అనుకో. హాలు ఎట్టుంటాదో సూసినట్టుంటాది. భయమని ఇంట్లో కూర్చుంటే వచ్చే ఏడుకి ఆ భయం ఇంకా పెద్దదవతాది."

వినడానికి సబబుగానే ఉంది. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, సబబుగా ఉండే మాటలు నాకు వెతుక్కోకుండానే దొరుకుతాయి. ఆ మాటల్లో ఒక్కటి కూడా జెస్సీ కోసం అన్నది కాదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

జెస్సీ నా మొహం వైపు కాసేపు చూసి, "సరే అత్తా" అంది.

హాల్ టికెట్ సంగతి నాకు పెద్ద కష్టం కాలేదు. ఆ కాలేజీల్లో పిల్లల అప్లికేషన్లు ఇంట్లోవాళ్ళు నింపరు, ఆఫీసులోనే నింపుతారు. ఫోన్ నంబరు గడిలో కూడా కాలేజీ నంబరే వేస్తారు. ఓటీపీ వాళ్ళకే వస్తుంది, హాల్ టికెట్ వాళ్ళ కంప్యూటర్లోనే దిగుతుంది. మాకెందుకీ తలనొప్పి, అంతా వాళ్ళే చూసుకుంటున్నారని తల్లిదండ్రులు సంతోషపడతారు. బిడ్డ పరీక్ష తాళం ఇంకొకరి జేబులో ఉందని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. నేను అక్కడ పనిచేసినప్పుడు ఆ అప్లికేషన్లు నింపే పని జువాలజీవాళ్ళ నెత్తినే పడేది. అందరికీ ఒకటే పాస్‌వర్డు, కాలేజీ పేరూ ఆ ఏటి సంవత్సరమూ కలిపి. జెస్సీని అడిగి అప్లికేషన్ నంబరు కొట్టి, అదే పద్ధతిలో ఈ ఏటి పాస్‌వర్డు వేసి చూశాను. తెరుచుకుంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదు.

మే మొదటి ఆదివారం పరీక్ష. సెంటరు తిరుపతిలోనే, ఒక స్కూల్లో. ఒంటిగంటన్నరకి గేటు మూసేస్తారు. ఏబెల్‌కి సెలవు దొరకలేదు, నేనే తీసుకెళ్ళాను. ఎండ మాడ్చేస్తోంది. గేటుకి ఎడమ పక్క చెట్ల నీడ ఉంది, కుడి పక్క జయరావు కాలేజీవాళ్ళు షామియానా వేసి తమ పిల్లలకి మజ్జిగ పోస్తున్నారు. జయరావు చేతిలో లిస్టు పట్టుకుని, వచ్చినవాళ్ళ పేర్ల దగ్గర టిక్కులు పెడుతున్నాడు.

నీడలోంచి పోవచ్చు. జెస్సీ అటే తిరిగింది. నేను మోచెయ్యి పట్టుకుని షామియానా ముందు నుంచే నడిపించాను.

"జెస్సీ!" అన్నాడు జయరావు. లిస్టు పక్కన పడేసి వచ్చాడు. "నువ్వేంటి ఇక్కడ? హాల్ టికెట్ ఎక్కడిది?"

నేను పట్టుకున్న చెయ్యి వణకడం మొదలైంది. నాకు తెలిసింది. అయినా నేను వదల్లేదు, నిలబడ్డాను.

"పాస్‌వర్డు ఇంకా మార్చలేదే సార్ మీరు" అన్నాను.

ఆయన మొహం తెల్లబోయింది. ఫోన్ తీశాడు, ఎవరికి చెయ్యాలో తోచక మళ్ళీ జేబులో పెట్టాడు. నలభైమంది పిల్లల ముందు నన్ను నిలబెట్టిన మనిషి, తన పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ చూస్తుండగా ఎండలో దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు నాకు. జెస్సీ మోచెయ్యి ఎప్పుడు వదిలేశానో గుర్తులేదు, తిరిగి చూసేసరికి పక్కన లేదు. లోపలికి వెళ్ళిపోయింది.

ఐదు దాటాక బయటికొచ్చింది. ఎట్టా రాసినావని అడిగాను. "తెలీదత్తా" అంది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకునే కూర్చుంది.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. తొంభై ఆరు. క్వాలిఫై కాలేదు. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ తొంభై ఆరు చూడగానే నా మనసులో మొదట కదిలింది బాధ కాదు. అమ్మయ్య అనుకున్నాను. జాలి తర్వాత వచ్చింది, ఓ పూట ఆలస్యంగా.

అప్పటికే జయరావు కాలేజీ ఫ్లెక్సీలు ఊరంతా లేచాయి. వరుసగా ఐదో ఏడాది, నూటికి నూరు. జెస్సీ అనే పిల్ల ఆ సెక్షన్‌లో ఎప్పుడూ లేనట్టే. నేను పాత బ్రోచరు బయటికి తీశాను, నలభై ఫొటోల పేజీ. దాని పక్కన జెస్సీ మార్కుల కాగితం పెట్టి, 'నలభయ్యో పిల్ల ఏమైంది సార్?' అని రాసి, ఆ కాలేజీ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులన్నిటిలో వేయించాను. పేరు కొట్టేయాలని తోచలేదు అని ఏబెల్‌తో చెప్పాను. అది అబద్ధం. తోచింది. పేరు కొట్టేస్తే ఎవరు నమ్ముతారని ఉంచాను.

అడ్మిషన్ల కాలం. గ్రూపులన్నీ అంటుకున్నాయి. నాలుగో రోజు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ మీద నూరు అంకె ఉన్నచోట తెల్ల కాగితం అతికించి, దాని మీద తొంభై ఏడు అని వేశారు. ఆ కాలేజీలో ఇంకా పనిచేస్తున్న నా పాత స్నేహితురాలు లోకేశ్వరి ఫోన్ చేసింది.

"కృపామణీ, నీకీ మాట సెప్పకుండా ఉండలేక చేస్తా ఉండా. మేనేజిమెంటోళ్ళు మీటింగు పెట్టినారు. అందురూ కుర్సీల్లో కూర్చోనుంటే జయరావుని మాత్రం ముప్పావు గంట నిలబెట్టి అడిగినారు. డీన్ పని పీకేసి వేరే ఊరి బ్రాంచికి మామూలు లెక్చరర్‌గా పంపిస్తా ఉండారు."

ముప్పావు గంట. నన్ను నిలబెట్టింది కూడా అంతే. ఆ మధ్యాహ్నం నేను మటన్ తెప్పించి వండుకుని, కడుపునిండా తిన్నాను. సాయంత్రం పనేమీ లేకపోయినా బస్టాండు దాకా నడిచి వెళ్ళి ఆ తెల్ల కాగితాన్ని చూసి వచ్చాను. మర్నాడు కూడా వెళ్ళాను.

సూళ్లూరుపేటకి మాత్రం చాలా రోజులు వెళ్ళలేదు. ఆ కాగితం అక్కడిదాకా పోయిందని కోమలి ఫోన్‌లో చెప్పింది. చర్చి బయట ఆడవాళ్ళు జెస్సీని ఆపి, "తొంభై ఆరేనంటనే పాపా, ఏడవబాకులే" అని ఓదారుస్తున్నారట. జెస్సీ రెండు ఆదివారాలు చర్చికి పోలేదు. మూడో ఆదివారం నుంచి మళ్ళీ పోతోంది. ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. "వాళ్ళ నాయన బూట్లేసుకోని ఇంట్లో తిరిగేది మానేసినాడు వదినా" అంది కోమలి. అందులో నిష్ఠూరం ఉందో లేదో నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరిలో మళ్ళీ అప్లికేషన్లు మొదలయ్యాయి. ఈసారి పొరపాటు జరగకూడదని నేనే సూళ్లూరుపేట వెళ్ళాను. బ్యాగులో జెస్సీ ఆధార్ జిరాక్సు, ఫొటోలు, సంతకం స్కాను, అన్నీ సర్దుకున్నాను. నా నంబరు వేస్తే ఓటీపీ నాకొస్తుంది, ఇక ఏ జయరావూ మధ్యలో దూరలేడు.

జెస్సీ వసారాలో చాప మీద కూర్చుని రాస్తోంది. పక్కనే కోమలి ఫోన్‌లో టైమర్ నడుస్తోంది. జుట్టు మళ్ళీ వచ్చింది. జవాబుల కాగితం మీద గుండ్రాలు దిద్దుతోంది, ఒకదాని తర్వాత ఒకటి, అంచు దాటకుండా. టైమర్ మోగేదాకా నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"ఇటియ్యి ఫోను. అప్లికేషన్ నింపేద్దాం" అన్నాను.

"నింపేసినా అత్తా. నిన్ననే."

"నెంబరు ఎవరిది ఏసినావు?"

"మా అమ్మది."

"పోనీలే. పాస్‌వర్డు ఏం పెట్టినావో సెప్పు, రాసిపెట్టుకుంటా."

జెస్సీ పెన్నుకి మూత పెట్టి కాగితం పక్కన పెట్టింది.

"నీకు సెప్పనత్తా" అంది. గొంతులో కోపం లేదు. "పరీక్ష దినం కూడా నువ్వు రావొద్దు. సెంటరు యాడ పడినా నీకు సెప్పొద్దని నాయనతో అమ్మతో అన్నా."

"నేనేం జేసినానే? ఆయప్పను ఊరు దాటించింది నీకోసరం కాదా?"

"పోయిన తూరి గేటుకాడ నేను ఎనక్కి తిరిగి సూసినానత్తా. చెయ్యి వణకతా ఉండాది, పోలేను, ఇంటికి పోదామని సెప్దామని సూసినా. వాచ్‌మన్ తోస్తా ఉంటే కూడా నిలబడి సూసినా. నువ్వు నా పక్క సూల్లేదు. ఆయప్ప పక్క సూస్తా నవ్వుతా ఉండావు."

లోపల కోమలి గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది. ఏబెల్ ఇంట్లోనే ఉన్నాడు, బయటికి రాలేదు. నా చేతిలో ఆధార్ జిరాక్సు అట్లాగే ఉంది. జవాబు కోసం వెతికాను. సబబుగా ఉండే మాట ఒక్కటీ దొరకలేదు.

బెంచీ ఎక్కిన రోజు క్లాసులో ఒక్కరు కూడా నా మొహం చూడలేదు, అందరూ తలలు దించుకున్నారు. జెస్సీ తల దించుకోలేదు. చాప మీద కూర్చుని, గుమ్మంలో నిలబడ్డ నన్ను సూటిగా చూస్తోంది. కూర్చోమని ఎవరూ అనలేదు.